నారాయణఖేడ్ నుంచి ఒకరు

కాదు, బసవరాజే అయి ఉండాలి. ఇంకెవరున్నారు?

లా కాలేజీ పాత విద్యార్థుల సంఘం, అంజుమన్, హైదరాబాదు నుంచి ఏటా పంపే ఉర్దూ పత్రిక సంగమేశ్వర్ ముందు తెరిచి ఉంది. పద్దెనిమిదేళ్లుగా ఆయన అందులో తన పేరు వెతుక్కుంటాడు. ఎవరు జడ్జీ అయ్యారో, ఎవరు కాలేజీకి గది కట్టించారో, అన్నీ ఉంటాయి. సంగమేశ్వర్, వకీలు, నారాయణఖేడ్ అని మాత్రం ఉండదు.

ఈసారి నారాయణఖేడ్ ఉంది. పేరు లేదు.

‘నారాయణఖేడ్ నుంచి ఒక పాత విద్యార్థి పదకొండేళ్లుగా అక్కడి భూమి తగాదాల కోర్టు ఫైసలాలకు నకళ్లు స్వయంగా రాసి, పల్లె మాటలకు అర్థాలు చేర్చి కాలేజీకి పంపుతున్నారు. మన విద్యార్థులు వాటితో చదువుకుంటున్నారు. పేరు మాత్రం రాయరు. ఈసారైనా తెలియజేస్తే వార్షిక జల్సా సభలో శాలువా కప్పి గౌరవిస్తాము.’

ఊళ్లో ఆ కాలేజీలో చదివిన వకీళ్లు ఇద్దరే, తానూ బసవరాజూ. తాను కాదు.

పదకొండేళ్లు ఒక మనిషి మంచిపని చేసి నోరు మూసుకున్నాడంటే వాడి పొగరు ఎంతటిది? పేరు చెప్పుకుంటే గొప్ప కొంత పోతుంది. చెప్పకపోతే మొత్తం మిగులుతుంది. బసవరాజ్‌కు ఆ లెక్క తెలుసు.

సంగమేశ్వర్ నల్లకోటు తొడుక్కుని కోర్టు కచేరీకి నడిచాడు.

వరండాలో అర్జీలు రాసే మల్లప్ప చోటు ఖాళీగా ఉంది. జ్వరంతో పోయి నెల అయింది. పల్లెలవాళ్లు ఇంకా అలవాటుగా అక్కడే ఆగుతున్నారు, గోడను చూసి ముందుకు పోతున్నారు.

బసవరాజే ఎదురొచ్చాడు.

“వకీల్‌సాబ్, పత్రిక చూసిన. ఇన్నేండ్లు నాతోని గూడ దాచిండ్రు.”

“ఏంది దాచింది?”

“గీ నకళ్ల ముచ్చట. ఊళ్లె ఇద్దరమే ఉన్నం. నేనైతే కాదు. నా సొంత ఫైలు చదవనీకే నాకు తీరదు.”

సంగమేశ్వర్ చంకలో ఫైళ్లు సర్దుకున్నాడు.

“నిజం చెప్తున్న. కుళ్లుకున్న. పొద్దున చాయ గూడ తాగబుద్ధి గాలె.”

ఆ మాట సంగమేశ్వర్‌కు లోపల ఎక్కడో చల్లగా తగిలింది. ఒకడు తనను చూసి కుళ్లుకోవడం ఇంత హాయిగా ఉంటుందని ఆయనకు ఇప్పటిదాకా తెలియదు. కాదని చెప్పడానికే నోరు తెరిచాడు.

“గదేం పెద్ద పని తియ్యి” అన్నాడు.

“మీ పేరు రాసి పంపుండ్రి ఇగ. జల్సాకు నేను గూడ వస్త.”

మధ్యాహ్నానికి కచేరీ అంతా తెలిసింది. మున్సిఫ్ సాహెబ్ తనను చూసి చిన్నగా తల వంచాడు. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి.

ఇంటికి రాగానే సంగమేశ్వర్ అంజుమన్‌కు ఉత్తరం రాశాడు. ‘ఆ నకళ్లు పంపేది నేనే. సంగమేశ్వర్, వకీలు.’

సిరా ఆరలేదు. గడపలో ఎవరో నిలబడ్డారు. మల్లప్ప భార్య నీలమ్మ. చేతిలో గుడ్డలో చుట్టిన కాగితాలు.

“టపాల వెయ్యాలె, వకీల్‌సాబ్. పతా రాసియ్యి. రాసే మనిషే పాయె.”

“ఎక్కడికి?”

“పట్నం. వకీళ్ల బడికి. ఏటా పంపుతుండె.”

సంగమేశ్వర్ గుడ్డ విప్పాడు. పైన కంగ్టి ఊరి అన్నదమ్ముల బావి తగాదా. ఒక్క కొట్టివేత కూడా లేని రాత.

ఆ ఫైలు రెండు నెలల కిందట మల్లప్ప తననే అడిగాడు. “నీకెందుకయ్యా, నువ్వేమన్న వకీలువా?” అని తాను మూడు రోజులు తిప్పించి ఇచ్చాడు. వాదనలు నేర్చుకుని తన కక్షిదారులను లాక్కుంటాడేమోనని అనుమానం. మల్లప్ప మాత్రం ఫైలుకు కొత్త దారం కట్టి తెచ్చి ఇచ్చాడు.

“మల్లప్ప యాడ చదివిండు?”

“గా బడిలనే. ఒక్క ఏడు. మా మామ సచ్చిపోతే ఎవుసం జూసేటోళ్లు లేక ఇడిసిపెట్టి ఒచ్చిండు. పరీక్ష రాయలే. పాస్ గానోని పేరు పెడితే నగుతరు అంటుండె.”

“మరి గింత కష్టమెందుకు?”

“నేనూ గదే అడిగిన. ఒక్క ఏడైనా బెంచీ మీద కూసోబెట్టిండ్రు గదనే అన్నడు.”

సంగమేశ్వర్ పేజీలు తిప్పాడు. బావి నీటి పంపకంలో ‘మోట వంతు’ అంటే ఏమిటో పట్నం పిల్లలకు అర్థమయ్యేలా నాలుగు వరుసల్లో ఉంది. అన్నిటికన్నా కింద, సన్నగా, ఇంకో మాట.

‘ఎప్పటిలాగే ఇదీ సంగమేశ్వర్ వకీలు వాదించినదే. ఆయన మన కాలేజీవారే. కేసు ఎట్లా వాదించాలో విద్యార్థులు ఆయనను చూసి నేర్చుకోవాలి.’

రెండుసార్లు చదివాడు.

కుళ్లు పోలేదు. బసవరాజ్‌ను వదిలి చచ్చినవాడి మీదికి మళ్లింది. పదకొండేళ్లు తనను అంత దగ్గరగా చూసి, ఈ మనిషి కుళ్లుకోకుండా ఎలా ఉండగలిగాడు?

“పతా రాసినవా?” అంది నీలమ్మ.

“రాస్తున్న.”

ఆయన కలాన్ని సిరాలో ముంచి, ముందు తన ఉత్తరాన్ని దగ్గరికి లాక్కున్నాడు. రాసిన వరుస మొత్తం కొట్టేశాడు. దాని కింద, ఒక్కో అక్షరమే నిదానంగా, ‘మల్లప్ప, మన కాలేజీ విద్యార్థి’ అని రాశాడు.