సూది గుచ్చుకున్న మనిషి

ఆ ఉదయం పసిపిల్లల బడిలో హాజరైనవారు, వచ్చిన వరుసలో: ముందుగా బడి సంఘం అధ్యక్షులైన విశ్రాంత ప్రధానోపాధ్యాయులవారు, తరువాత తాళంచెవితో రొప్పుతూ వచ్చిన ఆయమ్మ, ఆపైన తల్లులు దింపివెళ్లిన పిల్లలు, వారిలో అందరికంటే చిన్నదీ, అందరికీ నాయకురాలూ అయిన అధ్యక్షులవారి మనవరాలు బుడంకాయ, కట్టకడపట, ఎవరూ పిలవని ఒక పొడుగాటి మనిషి.

అతని చేతిలో కారు తాళం ఉంది.

"డాక్టరమ్మగారు పక్కవీధి బడి ముగించుకుని వస్తారండీ. కాస్త ఆలస్యమవుతుందని చెప్పమన్నారు."

"ఓహో, డ్రైవరువా. సరే, ఆ మూల కూర్చో. పిల్లల జోలికి పోకు."

అతడు బుద్ధిగా కూర్చున్నాడు.

అధ్యక్షులవారికి ఆ రోజు అగ్నిపరీక్ష. చుట్టుపక్కల పిల్లలకు ఏదో జ్వరం సోకుతోంది. దానికి ముందుజాగ్రత్తగా సూది వేయించాలి. కిందటిసారి ఆ ప్రయత్నం చేసినప్పుడు బుడంకాయ నర్సు చెయ్యి కొరికింది. తక్కిన పిల్లలు నాయకురాలిని అనుసరించారు. ఈసారి కూడా తప్పిపోతే మందు మళ్లీ ఎప్పుడు వస్తుందో తెలియదు.

అందుకు ఆయన ఒక ఉపాయం ఆలోచించారు.

"భయానికి మూలం అపరిచయం," అని ఆయమ్మకు వివరించారు. "పిల్లలకు ముందుగా సూదిని పరిచయం చేస్తాం."

ఆయమ్మ పాత దుప్పట్లు కత్తిరించి గుడ్డ చేపలు సిద్ధం చేసింది. అంచుల వెంట పెద్ద పెద్ద చిల్లులు పెట్టింది. పిల్లలకు మొన లేని ప్లాస్టిక్ సూదులు, రంగురంగుల ఊలు. గుండీ కళ్లు కుట్టడానికి పెద్దవాళ్లకు అసలు సూదులు.

అధ్యక్షులవారు లేచి నిలబడ్డారు.

"బాలలారా! నేడు మనం సూదితో..."

గది ఖాళీ అయింది. బల్లల కింద కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి.

"తాతా, మోసం!" ఒక బల్ల కింది నుంచి బుడంకాయ గొంతు.

"ఇది వేరు తల్లీ. ఇది కుట్టే సూది."

"కుడుతుందా! తేలు కూడా కుడుతుంది!"

తక్కిన బల్లలన్నీ ఒక్కసారిగా ఏడుపు లంకించుకున్నాయి. ఆయమ్మ నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగింది.

అంతలో మూలనుంచి ఒక కేక.

"అమ్మో!"

పొడుగాటి మనిషి ఒళ్లో గుడ్డ చేప ఉంది. అతని వేలు నోట్లో ఉంది.

"ఏమైంది?" అన్నారు అధ్యక్షులవారు.

"గుచ్చుకుంది సార్."

"ఇంత మనిషివి, సిగ్గులేదూ?"

అతడు మళ్లీ ఒక పోటు వేశాడు.

"చచ్చాను బాబోయ్!"

ఒక బల్ల కింది నుంచి చిన్న తల బయటికి వచ్చింది.

"మామయ్యా, నీకు కుట్టడం రాదా?"

"సూది చూస్తేనే వణుకమ్మా. ఇంకో కన్ను కుట్టాలి. ఏం చెయ్యను?"

బుడంకాయ బయటికి వచ్చింది. తనకంటే పెద్ద పిరికివాడు ఉంటాడని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

"చెయ్యి ఇలా పట్టుకో. కిటికీలోకి చూడు. గట్టిగా గాలి పీల్చు. ఊఁ... అయిపోయింది! ఇంతోటి దానికి ఎందుకు మామయ్యా అంత అరుపు?"

"ఏడవొచ్చా?"

"కొంచెం ఏడువు. మేం ఊదుతాంలే."

ఒక్కొక్కరే బల్లల కింది నుంచి వచ్చారు. ఒకడు అతని వేలు ఊదాడు. ఒకతె కళ్లు తుడిచింది. తక్కినవారు తలో చేపా తీసుకుని, కుట్టడం ఎంత తేలికో అతనికి చూపించసాగారు. అతడు ప్రతిదానికీ కేక పెట్టాడు. వారు ప్రతి కేకకూ నవ్వారు.

అధ్యక్షులవారు అతని పని పరీక్షించారు.

"ఇదేం కుట్టయ్యా? ఒక కన్ను తల మీద, ఒకటి తోక మీద! ఆ చెయ్యేమిటి అలా వణుకుతోంది? ఈ చేతులకు కారెవరు అప్పగించారు?"

"భయం సార్."

"ధైర్యం నేర్పాలని నేను నానా అవస్థా పడుతుంటే నువ్వు పిరికితనం నూరిపోస్తున్నావు. లే, బయటికి నడువు!"

అతడు లేచాడు. అప్పుడే జేబులో ఫోను మోగింది. ఒక్క మాట విని, పెద్ద పెద్ద అంగలతో కారు దగ్గరికి వెళ్లాడు.

"రేపు మళ్లీ రా, నేర్పిస్తా!" అని బుడంకాయ వెనకనుంచి అరిచింది.

"తప్పకుండా టీచరమ్మా!"

కారు మలుపు తిరిగిపోయింది.

కాసేపటికి డాక్టరమ్మ నడుచుకుంటూ వచ్చి పెట్టె తెరిచింది. వరుసలో అందరికంటే ముందు, చొక్కా చెయ్యి పైకి మడుచుకుని, బుడంకాయ.

"చూస్కో డాక్టరమ్మా. నేను ఆ మామయ్యలా అరవను."

కిటికీలోకి చూసింది. గట్టిగా గాలి పీల్చింది.

తరువాతివాడూ కిటికీలోకే చూశాడు. ఆ తరువాతివాడు, "అంతేనా?" అని నిరుత్సాహపడ్డాడు. ఎవరూ ఏడవలేదు. కళ్లు మూసుకున్నది అధ్యక్షులవారు ఒక్కరే.

అంతా ముగిశాక ఆయన గొంతు సవరించుకున్నారు.

"చూశారా అమ్మా, ముందస్తు పరిచయం యొక్క ప్రభావం! మీ డ్రైవరు చెడగొట్టబోయాడు గానీ..."

"నాకు డ్రైవరెక్కడ అండీ? వచ్చింది మా ఆయన."

"మీ ఆయనా!" ఆయన తడబడ్డారు. "మన్నించాలి. అయినా ఒక్క మాట. ఆయనకు సూది పట్టుకోవడమే చేతకాదమ్మా. చెయ్యి వణుకుతోంది. అశ్రద్ధ చెయ్యకండి, ఎవరికైనా చూపించండి."

"ఆయన చెయ్యి వణికిందా?"

డాక్టరమ్మ కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. ఆ తరువాత ఆయన వృత్తి ఏమిటో, హడావిడిగా ఎక్కడికి వెళ్లారో రెండు మాటల్లో చెప్పింది.

అధ్యక్షులవారు కుర్చీలో కూలబడ్డారు. పిమ్మట లేచి, కోటు గుండీలు పెట్టుకుని, పిల్లల సమక్షంలో, ఆయమ్మ సాక్షిగా, ఎవరూ లేని వీధి గుమ్మానికి అభిముఖంగా నిలబడి ఇలా ప్రకటించారు:

"కుట్టడం రాదని మా పిల్లల చేత నేర్పించుకొని, సూదంటే భయమని వారి చేత ధైర్యం చెప్పించుకొని, నా చేత చీవాట్లు తిని, పుట్టి వారమైనా నిండని ఒక పసిగుడ్డు గుండెకు కుట్లు వేయడానికి ఇప్పుడే వెళ్లిన శస్త్రవైద్యులవారికి, ఈ సంఘం తన కృతజ్ఞతను సవినయంగా తెలియజేసుకొంటున్నది."