బాడీ బయటికొచ్చింది

“బాడీ మునిగింది సార్. అందాకా బాగానే ఉంది. బయటికే రావట్లేదు!”

పొదిలి నుంచి గుంటూరు వెళ్ళే బస్సు రొదలో వినపడాలని అఖిల ఫోన్లో గొంతు చించుకుంది. అవతల ఉన్నది ఆమె గైడు వీరాంజనేయులు. గట్టి వస్తువు నీళ్ళలో పడి మళ్ళీ పైకి లేస్తే నీళ్ళు ఎలా చెదురుతాయో కంప్యూటర్ లెక్కలతో బొమ్మ కట్టి చూపించడం అఖిల పీహెచ్‌డీ. వాళ్ళ శాస్త్రంలో ఆ వస్తువు పేరు బాడీ. బస్సులో ఉన్న నలభై మందికి మాత్రం బాడీ అంటే పేపర్లో మసక ఫోటోతో వచ్చేదొక్కటే.

“పదకొండింటికి కమిటీ కూర్చుంటుంది. ఈలోగా వీడియో పంపకపోతే నీ టాపిక్ తీసేస్తారమ్మా,” అన్నాడాయన.

మూడేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరే. అఖిలకు ఏడుపొచ్చింది. లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఇంకోసారి లెక్క నడిపించింది.

పక్క సీట్లో తెల్లచొక్కా పెద్దాయన, పేరు అంకమ్మరావు, మెల్లగా ఇటు వంగాడు.

“లోతెంతమ్మాయ్?”

“ముప్పై అడుగులండీ.”

“అంత లోతు నుంచి పైకి రాదు కదా?”

మూడేళ్ళలో తన పని గురించి ఇంత శ్రద్ధగా అడిగిన మొదటి మనిషి! అఖిల పొంగిపోయింది.

“ఎందుకు రాదండీ? కాస్త టైమిస్తే వచ్చి తీరుతుంది. బరువు మార్చి మార్చి డెబ్బై సార్లు వేశాను.”

“డెబ్బై మందినే!” ముందు సీట్లో పిచ్చమ్మ గుండె పట్టుకుంది. “మీ ఇంట్లో తెలుసా తల్లీ?”

“మా అమ్మే ఫీజు కట్టి చేయిస్తోందండీ.”

పిచ్చమ్మ చటుక్కున ముందుకు తిరిగింది. కూతురికి తీసుకెళుతున్న కొత్తకారం డబ్బా మూత వదులు చేసి పెట్టుకుంది.

పదీ నలభైకి తెర మీద ఏదో మెరిసింది. అఖిల సీట్లోంచి ఎగిరి లేచింది.

“వచ్చేసింది! బాడీ బయటికొచ్చేసింది!”

అంకమ్మరావు చెమటలు కక్కుతూ లేచి నిలబడ్డాడు.

“కండక్టరూ! ముందు పోలీస్ స్టేషన్ వస్తుంది, బండి అక్కడాపు!”

బండి ఆగడమే ఆలస్యం, ఆయన దిగి స్టేషన్లోకి పరుగు పెట్టాడు. పిచ్చమ్మ ఒక్క ఊపుతో లాప్‌టాప్ లాగేసుకుని దాని మీద కూర్చుంది.

“కదిలావంటే కళ్ళల్లో కారం కొడతా!”

“అయ్యో, అది పంపాలండీ! ఇంకో పావుగంటే ఉంది!”

“పైకి పంపింది చాల్లే!”

అంతలో కానిస్టేబుల్ మాబు బస్సెక్కాడు.

“బాడీ బయటికొచ్చిందన్న అమ్మాయి ఎవరు?”

నలభై వేళ్ళు అఖిల వైపు తిరిగాయి.

“ఎక్కడొచ్చిందమ్మా? ఎప్పుడు?”

“దాన్లోనండీ, చూపిస్తాను! ఆవిణ్ణి కాస్త లేవమనండి!”

పిచ్చమ్మ గొణుగుతూ లేచింది. అఖిల గబగబా లాప్‌టాప్ తెరిచింది. తెర మీద ఎర్ర బంతి ఒకటి బుడుంగున నీళ్ళలో మునిగింది, పాతాళం దాకా వెళ్ళింది, నీళ్ళు చిమ్ముకుంటూ ఛంగున పైకెగిరింది.

“ఇదేనా బాడీ?” అన్నాడు మాబు.

“ఇదేనండీ. శాస్త్రంలో అలాగే అంటారు.”

ముందు పిచ్చమ్మ ఫక్కున నవ్వింది. “ఈ బంతి కోసమా తల్లీ నేను కోటప్పకొండ దేవుడికి మొక్కుకుంది!” ఇక బస్సు బస్సంతా పగలబడింది. ఆ గోలలోనే అఖిల వీడియో పంపేసింది. పదకొండుకు నాలుగు నిమిషాలుందనగా గైడు నుంచి ‘శభాష్’ అని వచ్చింది. ఆమె సంతోషం పట్టలేక పిచ్చమ్మను వాటేసుకుంది. కండక్టర్ ఈల వేసి, ఇంకోసారి వేయించుకుని బంతిని చూశాడు.

మాబు ఒక్కడే నవ్వలేదు.

“పాపం, ఆ పెద్దాయన్ని కూడా పిలవండి సార్,” అంది అఖిల కళ్ళు తుడుచుకుంటూ. “ఇది చూస్తే నా మీద ఫిర్యాదు ఆయనే మానుకుంటారు.”

“ఫిర్యాదెక్కడమ్మా,” అన్నాడు మాబు, “వాళ్ళ బావమరిదిని ఏ బావిలో వేశాడో చెప్పేశాడు.”