బండి కదల్లేదు

"నా బండి కదల్లేదయ్యా, మీ గీతే కదిలింది," అని ఎత్తుకొచ్చిన బళ్లు విడిపించే కౌంటరు దగ్గర, తెర ముందు నిలబడి మూడోసారి చెప్పింది శివపార్వతి.

పార్కింగు స్థలాల్లో రంగు గీతలు పోయి వెలుగు గీతలు వచ్చాక ఊళ్లో ఇదే తంతు. రద్దీ పెరిగేకొద్దీ అవి వాటంతటవే దగ్గరికి జరుగుతాయి. ఆమె ముందే డబ్బు కట్టి, గీతల మధ్యనే స్కూటర్ పెట్టి, లైనింగు గుడ్డ కొనుక్కుని వచ్చేసరికి పార్కింగు వాళ్లు బండిని ఎత్తుకుపోయారు.

"స్టాండు దిగిన గుంట తారులో ఇంకా అక్కడే ఉంది. వచ్చి చూసుకోండి."

"పదకొండింటికి మీ బండి గీత బయట ఉంది మేడమ్," అంది తెర మీది బొమ్మ, నవ్వు చెదరకుండా.

"కిందకి చూస్తా మాట్లాడమ్మా," అని వరుసలో వెనక నిలబడ్డ ముసలాయన గొణిగాడు. ఆ మాట ఆమెకు ఎక్కలేదు.

"డిక్కీలో నేను కుడుతున్న పెళ్లికూతురి జాకెట్టుంది. ఏడింటికి ముహూర్తం. ఆ పిల్లకి నేనేం చెప్పను?"

"మీరు గీత దాటి నిలబడ్డారు. వరుస చివరికి వెళ్లండి."

శివపార్వతి అప్పుడు కిందికి చూసింది. ఇందాక తన కాళ్ల చుట్టూ ఉన్న వెలుగు గడి జానెడు పక్కకు జరిగి ఉంది. ముసలాయన అలవాటుగా అందులోకి అడుగుపెట్టి, తల ఎత్తకుండానే తన బండి నంబరు చెప్పడం మొదలుపెట్టాడు.