బండికి పట్టిన జలుబు

“అత్తయ్యా, వచ్చేసింది! పార్సిల్ వచ్చేసింది!”

కోడలు సబ్బు నురగ చేతులతోనే గేటు దాకా పరుగెత్తి, అట్టపెట్టెను చంటిపిల్లలా ఎత్తుకొచ్చింది. వరండాలో పాత దుప్పటి పరిచి ఒక్కొక్కటే పేర్చింది. కాయిళ్ళ డబ్బా, పళ్ళ చక్రం, బొటనవేలంత సెన్సరు, అరచేతిలో పట్టే కంట్రోలు పెట్టె, కొత్త వైర్లు.

“ఇదేనా బండి జలుబుకి మందు?” అన్నారు అత్తగారు.

జలుబని పేరు పెట్టింది ఆవిడే. ఇరవై రెండేళ్ళుగా ఒక్క పొద్దు కూడా మొరాయించని ఆ నాలుగు సిలిండర్ల పెట్రోలు లారీ, కొడుకు పెళ్ళయిన వారం నుంచి వారానికి రెండుసార్లు తెల్లవారుజామున కదలనని మొండికేస్తోంది. పదింటికి ఎండ ఎక్కగానే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతోంది. ఈలోపు, కొడుకు నాలుగున్నరకే అందులో వేసుకెళ్ళాల్సిన బేకరీ రొట్టెలు ఏదో ఆటోలో వెళ్ళిపోతున్నాయి. అలాంటి రోజుల్లో కొత్త మొగుడూ పెళ్ళాలిద్దరూ మెట్ల మీద కూర్చుని తీరిగ్గా కాఫీ తాగేవారు. ఆ జలుబులో కోడలికి కనిపించిన మంచి అదొక్కటే.

ఈ పొద్దున కూడా బండి కదల్లేదు. ఇంకొక్కసారి ఇలా అయితే వేరే బండి మాట్లాడుకుంటానని బేకరీ యజమాని ఫోన్‌లో తేల్చి చెప్పాడు.

“అనకూడదు గానీ అమ్మాయీ, నువ్వు ఈ ఇంట్లో కాలు పెట్టిన దగ్గర్నుంచే...” అని అత్తగారు ఎప్పటిలాగే మాట సగంలో ఆపేశారు. అనని ఆ మిగతా సగమే మూడు నెలలుగా కోడలికి గొంతులో ముల్లు. మెకానికల్ ఇంజనీరింగ్ చదివిన పిల్ల, లారీకి శకునమై కూర్చోవడమేమిటి!

“తప్పు నా కాలిది కాదత్తయ్యా, తేమది. డిస్ట్రిబ్యూటర్ మూతలోకి చేరుతోంది. ఆ మూత కింద రోటరని వేలెడు ముక్క ఉంటుంది. గిరగిరా తిరుగుతూ నాలుగు సిలిండర్లకీ వరసగా నిప్పురవ్వ పంచుతుంది. బంతిలో వడ్డించేవాడన్నమాట. వాడు లేకపోతే బంతంతా పస్తే. ఈ కొత్త పద్ధతిలో వడ్డించేవాడే ఉండడు. చక్రం పళ్ళు చూసి ఎవరి వంతో సెన్సరు చెబుతుంది, కాయిళ్ళు నేరుగా రవ్వ అందిస్తాయి.”

“బఫే భోజనం అను,” అన్నారు మామగారు పేపరు మడుస్తూ.

ఆమె కొంగు బిగించి పానా అందుకునేసరికి భర్త గబగబా వచ్చాడు.

“ఇవాళే ఎందుకు? పదింటికి అదే స్టార్టవుతుందిగా. నేనోసారి మూత తీసి తుడుస్తా, ఆగు.”

“మూడు నెలల్నించీ తుడుస్తూనే ఉన్నారు. నన్నొక్కసారైనా ముట్టుకోనిచ్చారా?”

“షాక్ కొడుతుందనీ...”

“ఒరేయ్, అడ్డు తప్పుకో,” అన్నారు మామగారు. “నువ్వు స్కూల్లో లెక్కలు తప్పినట్టు అందరూ తప్పరు.”

ఆమె వైర్లు లాగేసి, బోల్టు విప్పి, డిస్ట్రిబ్యూటర్‌ను మూతతో సహా మొదలంటా పీకి మామగారి చేతిలో పెట్టింది. ఆయన దాన్ని గుడ్డలో చుట్టి అటకెక్కించారు. భర్త మాత్రం గుండె మీద చెయ్యి వేసుకుని చూస్తూ ఉండిపోయాడు.

“బండి మీద అంత బెంగైతే దాన్నే చేసుకోవాల్సింది,” అని కోడలు నవ్వింది.

పీకిన చోట కన్నానికి బిళ్ళ బిగించింది. ఇంజను ముందున్న పుల్లీకి పళ్ళ చక్రం తగిలించింది. చక్రానికీ సెన్సరుకీ మధ్య మిల్లీమీటరు సందు ఉండాలి. మిగిలిపోయిన తమ శుభలేఖనే మడిచి దూర్చి చూసుకుని మురిసిపోయింది. ప్లగ్గుల వైర్లు మాత్రం భర్త తగిలించాడు.

తాళం తిప్పగానే ‘ఢాం!’ అంది. గోడ మీది పిల్లి పక్కింట్లో పడింది.

“కొత్త కాపురం కదా, సర్దుకుంటుంది,” అన్నారు మామగారు.

కోడలు తొంగి చూసింది. “మూడోదీ నాలుగోదీ తారుమారు చేశారు! ఏవండీ, కావాలనే చేశారా ఏమిటి?”

“ఛ! కంగారులో...”

వైర్లు మార్చి మళ్ళీ తిప్పింది. ఇంజను ఒక్క దగ్గయినా లేకుండా అందుకుంది. “మరి తేమో?” అన్నారు అత్తగారు. కోడలు చెంబెడు నీళ్ళు తెచ్చి కాయిళ్ళ మీద చిలకరించింది. ఇంజను తుమ్మనైనా తుమ్మలేదు.

అత్తగారు కోడలి బుగ్గ మీది గ్రీజు కొంగుతో తుడిచారు. “నోరు జారాను తల్లీ. నీ కాలు బంగారం.”

ఇంట్లో మొహం వేలాడేసుకున్నది భర్త ఒక్కడే. “అయితే ఇక రోజూ నాలుగున్నరకే అన్నమాట,” అంటూ గ్రీజు చొక్కా విప్పి బకెట్లో పడేశాడు.

ఆ చొక్కా ఉతకడానికని పెరట్లోకి వెళ్ళిన కోడలు రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది. గుప్పిట మూసి ఉంది. నవ్వు ఆగడం లేదు.

“మామయ్యా, రేపు నాలుగున్నరకి నేనూ బండిలో వెళ్తున్నా. రేపే కాదు, రోజూ. ఫ్లాస్కులో కాఫీ పోసుకుంటాను.”

“ఆ వేళప్పుడు నీకెందుకమ్మా శ్రమ?”

“కొత్త మిషను కదా, పక్కన ఇంజనీరుండాలి.”

భర్త మొహం హెడ్‌లైటులా వెలిగింది. మరుక్షణం ఆమె గుప్పిట చూసి ఆరిపోయింది.

“ఏమిటే ఆ నవ్వు?” అన్నారు అత్తగారు.

“మీరన్నదే నిజం అత్తయ్యా. అంతా నేను కాలు పెట్టిన దగ్గర్నుంచే.”

ఆమె గుప్పిట్లో, అతని చొక్కా జేబులో దొరికిన ఆ వేలెడు రోటరు ఉంది.