బుజ్జి బడికి వెళ్లింది

"కదలకు బుజ్జీ. మెడ అలాగే ఉంచు."

నాన్న ఆ మాట అనకముందే బుజ్జి ఊపిరి బిగబట్టింది. భుజాన పుస్తకాల సంచి. రెండు జడలు. నీలం గౌను. ఎత్తు పీట మీద కూర్చుని, కాళ్లు నేలకు ఆనకుండా పైకి పట్టి ఉంచాలి.

గౌను అమ్మ కుట్టింది. పుస్తకం పుస్తకానికీ కొలతలు తీసుకుని కొత్తది కుడుతుంది. పాతది పట్టదు కదా. పొద్దున జడలు వేస్తూ వేస్తూ అమ్మ దువ్వెన పక్కన పెట్టి, పాపిట్లోంచి ఏవో ఏరి పడేసింది. "ఎన్ని ఏరినా తరగవేమే, నీ తల్లో," అని విసుక్కుంది.

నాన్న పిల్లల కోసం బొమ్మల పుస్తకాలు రాస్తాడు. బొమ్మలూ ఆయనే వేస్తాడు. ఎదురుగా మనిషి లేనిదే ఆయన కుంచె కదలదు. ఫొటో చూసి వేయొచ్చు కదా అంటే, "ఫొటోకి ఊపిరుండదు," అంటాడు. "దీని ముఖం నాకు కంఠతా వచ్చు. ఒళ్లు ఎలా ఒదుగుతుందో, అది ఎదురుగా చూడాలి."

పుస్తకాల్లో బుజ్జి పడవెక్కింది. కొండ దిగింది. మబ్బుల్లో దారి తప్పి మళ్లీ ఇంటికొచ్చింది. ఆ తిరుగుళ్లన్నీ ఈ పీట మీదే జరిగాయి. కాగితం మీది బుజ్జి తన కాళ్లు అరువుకు తీసుకుని తిరిగివ్వడం మరిచిపోయిందేమో అనిపించేది అప్పుడప్పుడూ.

ఇప్పుడు వేస్తున్న పుస్తకంలో బుజ్జి బడికి వెళ్తోంది.

అసలు బడి వీధి మలుపులోనే ఉంది. దాని వెనక గోడ ఈ గది కిటికీకి పదడుగుల దూరం. విరామంలో ఒకటో తరగతి పిల్లలు కిటికీ కిందకు చేరతారు. "బుజ్జీ, బడికెప్పుడొస్తావు?" అని ఒకరు. "వస్తే నా పక్కనే కూర్చోవాలి," అని ఇంకొకరు. చువ్వల సందుల్లోంచి బుజ్జి వాళ్లకు కథ చెబుతుంది. వాళ్లు విరిగిన సుద్దముక్కలు బహుమతిగా ఇస్తారు. అవన్నీ దిండు కింద ఉన్నాయి. లోకంలో బుజ్జికి కావలసింది ఒక్కటే, ఆ గోడ అవతలికి వెళ్లడం.

మధ్యాహ్నం ప్రిన్సిపాల్ మేడమ్ వచ్చింది.

"ఒకటో తరగతిలో ఒక్క ఖాళీ ఉందండీ," అంది నాన్నతో. "సోమవారం నుంచే రావచ్చు. బుజ్జినడిగితే 'మా నాన్ననడగండి' అంది. అందుకే వచ్చాను."

నాన్న కుంచె కడుగుతూ, "ఈ పుస్తకం కానివ్వండి, పంపిస్తాను," అన్నాడు.

"పోయిన పుస్తకానికీ ఇదే మాటన్నారు."

"ఇంట్లో దీనికేం తక్కువండీ?" అంది అమ్మ. "పైగా వట్టి భయస్తురాలు. రోడ్డు దాటడం కూడా చేతకాదు."

"దాటనిస్తేగా చేతనయ్యేది. ఇంట్లో కూర్చునే ఇంత నేర్చుకుంది. మా పిల్లలకి బుజ్జంటే ప్రాణం." మేడమ్ బల్ల మీది బొమ్మ వైపు చూసింది. "బొమ్మలో పంపించేశారు, బాగుంది. సంచి కూడా భుజానే ఉందిగా, అలాగే నా వెంట పంపేయండి."

నాన్న నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "ఇది ఎదురుగా లేకపోతే నాకు చెయ్యి ఆడదండీ," అన్నాడు, కుంటివాడు చేతికర్ర గురించి చెప్పినట్టు.

బుజ్జి కోపం తెచ్చుకోబోయింది. జాలి అడ్డొచ్చింది. ఎప్పుడూ ఇంతే. జాలే ముందొస్తుంది, కోపం గుమ్మం బయట నిలబడిపోతుంది.

మేడమ్ పీట దగ్గరికొచ్చింది. "నువ్వు చెప్పమ్మా. రావాలనుందా?"

మాట నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి తిరిగింది. "నాన్న ఎలా అంటే అలా."

ఆ గొంతు విని బుజ్జే ఉలిక్కిపడింది. అచ్చం పుస్తకంలో బుజ్జి మాట్లాడినట్టే ఉంది.

"నాలుగింటికి ఫోన్ చేస్తాను," అంది మేడమ్. "అప్పటికీ రానంటే ఇంకొకరికి ఇచ్చేస్తాను. ఖాళీగా ఉంచలేను నేను."

ఆమె వెళ్లిపోయింది. నాన్న మళ్లీ కుంచె తీశాడు.

నాలుగింటికి ఫోన్ మోగుతుంది. తనే వెళ్లి తీయాలి. "వస్తాను" అనాలి. ఒక్క మాట, మూడక్షరాలు. బుజ్జి పెదవులు కదలకుండా దాన్ని లోపలే అని చూసుకుంది. మొదటిసారి తడబడింది. పదోసారికి నోటికి అలవాటైంది. గది దాటితే హాలు, హాల్లో ఫోను. పన్నెండు అడుగులు. కొండలు దిగిన పిల్లకు పన్నెండు అడుగులు ఒక లెక్కా?

బడి గంట కొట్టారు. పిల్లల కేకలు గోడ వెంట పారి, సందు మలుపులో ఇంకిపోయాయి. ఫోన్ మోగింది.

బుజ్జి పాదాలు నేలను తాకాయి.

"కదలకమ్మా," అన్నాడు నాన్న. "ఇప్పుడే చెయ్యి కుదిరింది. ఒక్క నిమిషం."

గదమాయించి ఉంటే లేచేదే. ఆయన బతిమాలుతున్నాడు. బుజ్జి సగం లేచి, అలాగే ఆగిపోయింది. సంచి పట్టీ భుజాన్ని కోస్తోంది. 'వస్తాను, వస్తాను' అని లోపల ఎవరో గబగబా అంటూనే ఉన్నారు.

నాలుగో మోతకు అమ్మ ఫోనెత్తింది.

"ఏమనుకోకండి మేడమ్, ఆ టీచరు ఉద్యోగం ఇంకెవరికైనా ఇచ్చేయండి," అంటోంది హాల్లోంచి, "దానికి నలభై మూడేళ్లొచ్చాయి, ఈ వయసులో ఇంకేం బయటికెళ్తుంది."