నీళ్లు పడని చోటు

పెద్ద ఈరన్న అరచేతిలో అడ్డంగా పడుకున్న కొబ్బరికాయ నిలువుగా లేచింది.

"ఈడ కొట్టించుకో నాగరాజూ," అన్నాడు, మడమతో నేల మీద గుర్తు పెడుతూ.

చెప్పులు విడిచి నిలబడిన రైతులంతా దండం పెట్టారు. బోరు పాయింట్ చూపించడంలో నందికొట్కూరు నుంచి కమలాపురం దాకా ఈరన్న చేతికి ఉన్న పేరు అలాంటిది. ఆ సాయంత్రమే నాగరాజ్ పొలంలో నీళ్లు పడ్డాయి కూడా.

ఇక చూడాల్సింది తన సొంత బత్తాయి తోట. పాత బోరు ఆగిపోయి చీనీ చెట్లు ఆకు రాలుస్తున్నాయి. కొడుకు ఉమామహేశ్‌కు ఆ తోటే ఆధారం. ఇంకొక్క బోరు వేయించే తాహతు మాత్రమే మిగిలింది ఆ ఇంటికి.

అయితే నాగరాజ్ పొలంలోనే ఒక తలనొప్పి మొదలైంది. గుంపులోంచి ఎవరో కొత్త మనిషి ముందుకొచ్చాడు. మోటారు సైకిల్ మీద వచ్చినట్టున్నాడు, ఒళ్లంతా దుమ్ము.

"పెద్దాయనా, ఒక మాట అడగొచ్చునా?"

"అడుగప్పా."

"నువ్వు పాయింట్ పెట్టినాక నీళ్లు పడని చోట్లు యాడన్నా ఉంటే, ఒకటి చూపిస్తావా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఈరన్నకు ముల్లులా దిగింది.

"పడని చోటుతో నీకేం పనప్పా?"

"ఎందుకు పడలేదో చూద్దామని. పడిన చోటు గురించి చెప్పేదానికి నువ్వుండావు. పడని చోటును అడిగేవాళ్లే లేరు."

"నీకు తెలుసునా, ఎందుకు పడలేదో?"

"తెలీదు. నీ చేతికి తెలిసిందాంట్లో నాకు పావు వంతు కూడా తెలీదు. ఇద్దరం కలిసి తిరిగితే తెలుస్తాదేమోనని."

బోరు పడని పొలంలో మళ్లీ అడుగు పెట్టకూడదు, పెడితే చేతి గుణం పోతుంది. ఈ పని నేర్పిన తండ్రి చెప్పిన మాట అది. ఎందుకని ఈరన్న ఏనాడూ అడగలేదు. అడగకపోవడమే భక్తి అనుకున్నాడు. ఇప్పుడు ఎవరో దారిన పోయేవాడు వచ్చి, పదిమందిలో తనను అడుగుతున్నాడు.

వీణ్ణి వదలకూడదు అనుకున్నాడు.

"నీ పేరేందప్పా?"

"వసంతకుమార్."

"రేపు పొద్దున రా. చూపిస్తా."

మర్నాడు మండుటెండలో వసంతకుమార్‌ను గుట్ట అవతలికి పంపించాడు. అక్కడ ఈరన్న ఎన్నడూ పాయింట్ పెట్టలేదు. ఆ మరుసటి రోజు వాగు దాటించాడు. అక్కడా అంతే. టీ అంగడి దగ్గర ఆ సంగతి చెప్పి అందరినీ నవ్వించి, ఇంటికెళ్లి కడుపు నిండా అన్నం తిన్నాడు.

కానీ వాడు మొహం మాడ్చుకుని తిరిగి రావాలి కదా. అలా రాలేదు.

"ఆడ బోరే లేదు పెద్దాయనా. దారి తప్పినానేమో. రాళ్లు మాత్రం శానా బాగుండాయి. నల్లరాయి ఒకటే వరుసగా మీ తోట దిక్కే వస్తాంది," అన్నాడు నవ్వుతూ.

ఈరన్నకు ఆ నవ్వు చూసే ఎక్కువ మండింది.

వారం తిరక్కముందే ఊళ్లో ఒక మాట పుట్టింది. ఆ వచ్చినోడు గనుల వాళ్ల మనిషంట, భూములు లాక్కునేదానికి రాళ్లు చూస్తాండాడంట. పుట్టించింది ఎవరో వేరే చెప్పనక్కర్లేదు. కుర్రాళ్లు బండి టైర్లు కోశారు. అతని సంచీ తీసుకెళ్లి పాడుబడ్డ బావిలో పడేశారు. ఈరన్న అరుగు మీద కూర్చుని తీరిగ్గా చూశాడు. కడుపుమంట చల్లారినట్టయింది.

వసంతకుమార్ బండి తోసుకుంటూ వచ్చి అరుగు ముందు ఆగాడు.

"పోతాండా పెద్దాయనా. మీ తోటలో ఉత్తరం పక్క మాత్రం బోరు వద్దు. ఆ నల్లరాయి లోపల గోడ మాదిరి అడ్డం ఉండాదేమోనని నా అనుమానం. ఖాయంగా చెప్పలేను. నువ్వూ ఒకసారి చూసుకో."

ఈరన్న మొహం తిప్పుకున్నాడు.

కొన్నాళ్లకు ఉమామహేశ్ బోరు బండి తెప్పించాడు.

"నాయనా, ఆయప్ప ఉత్తరం పక్క వద్దన్నాడు కదా."

"అందుకే ఆడనే కొట్టాల."

కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని తిన్నగా ఉత్తరం గట్టుకే నడిచాడు. కాయ లేచింది. అదే లేచిందో, పంతం లేపిందో ఈరన్నకే తెలియదు.

బండి పొద్దుగూకే దాకా కొట్టింది. నల్లటి దుమ్ము తప్ప తడి తగల్లేదు.

మర్నాడు ఉమామహేశ్, వసంతకుమార్ టైర్లు మార్పించుకున్న అంగడిలో అతని ఊరు కనుక్కుని, వెతుక్కుంటూ పోయాడు. సాయంత్రానికి ఒక్కడే తిరిగొచ్చాడు.

"దొరికినాడా?" అన్నాడు ఈరన్న.

"దొరికినాడు. రాడంట."

"పగ పట్టినాడా?" ఈరన్నకు తెలిసిన కారణం అదొక్కటే.

"లేదు. వస్తాననే అన్నాడు పాపం. వాళ్లమ్మే పంపనంది. నీ దగ్గరికి ఒక తూరి పంపిందే తప్పంట."

"ఎవురు వాళ్లమ్మ?"

"కమలాపురం దాసన్న పెండ్లాము."

"ఏ దాసన్న?" ఎంత ఆలోచించినా ఈరన్నకు గుర్తు రాలేదు.

ఉమామహేశ్ వాడిపోయిన చీనీ చెట్ల వైపు చూస్తూ చెప్పాడు.

"నువ్వు పాయింట్ పెట్టిన చోట నీళ్లు పడక, ఆ బోరు పక్కనే పురుగుమందు తాగి సచ్చిపోయినాయన."