పొరలు తీసిన జాబితా

ఉద్యోగుల పాత జాబితా తెరవాలి. అందులోని పొరలన్నీ తీసేయాలి. అందరి పేర్లూ ఒకే వరుసలోకి తేవాలి. అయిదింటికల్లా ఆ వరుసను, అందులో పేరున్నవాళ్ల కార్డుకే తలుపు తీసే గేటు కంప్యూటరుకు పంపాలి. మేనేజరుగారికి టీ చెప్పాలి.

ఈ అయిదు పనులూ పసుపు చీటీ మీద రాసి, మేనేజరు కొత్త ప్రోగ్రామరమ్మాయి చేతికిచ్చాడు. ఆమె ఆర్నెల్ల ప్రొబేషన్ ఆ రోజుతో అయిపోతుంది. పని పూర్తయితే పర్మనెంటు, లేకపోతే ఇంటికి.

"ఇకనుంచి మన ఆఫీసులో పైవాళ్లు, కిందవాళ్లు ఉండరమ్మా. అందరం సమానం," అన్నాడు కుర్చీలో వెనక్కి వాలి. ఆమె నిలబడి వింది.

జాబితా తెరిస్తే పెట్టెలో పెట్టె, దాన్లో ఇంకో పెట్టె. తన కింద మనుషులున్న ప్రతివాడి పేరూ ఒక పెట్టె మీద ఉంది. కింద ఎవరూ లేనివాళ్లు పెట్టెల్లోపల ఉన్నారు.

"సార్, ఒక్క మాట. పెట్టెలు విప్పేస్తే లోపలివాళ్లే మిగుల్తారు. పెట్టెల మీది పేర్లు విడిగా రాసుకోకపోతే పోతాయి."

"ఒక్క పెట్టె కూడా మిగలకూడదని డైరెక్టరుగారి ఆర్డరు."

"మీ పేరూ పెట్టె మీదే ఉందండి."

"మన పేరు ఎక్కడున్నా ఊడదులే. చెప్పింది చెయ్యి. సందేహాలు పర్మనెంటయ్యాక."

నాలుగున్నరకి ప్రోగ్రాం సిద్ధమైంది. టీ కూడా వచ్చింది. మేనేజరు మెత్తబడ్డాడు.

"నువ్వు పర్మనెంటమ్మా. డేటా ఎంట్రీ వాళ్లిద్దరూ రేపట్నుంచి నీ కిందే," అంటూ ఆ సంగతి పాత జాబితాలో స్వయంగా ఎక్కించాడు. ఆ సంతోషంలోనే ఆమె బటన్ నొక్కింది.

మర్నాడు పొద్దున గేటు దగ్గర మేనేజరు కార్డు పెట్టాడు. ఎర్ర లైటు. డైరెక్టరు కారు దిగొచ్చి పెట్టాడు. మళ్లీ ఎర్ర లైటే.

"కాస్త జరగండి బాబూ, నేల తుడవాలి," అంటూ స్వీపరమ్మ కార్డు పెట్టింది. పచ్చ లైటు. డేటా ఎంట్రీ వాళ్లిద్దరూ అలాగే లోపలికి వెళ్లిపోయారు.

"లోపలికెళ్లి సరిచెయ్యి తల్లీ," అన్నాడు మేనేజరు గొంతు తగ్గించి.

"అలాగేనండి," అంటూ ఆమె నవ్వు ఆపుకుని కార్డు పెట్టింది.

ఎర్ర లైటు.

డేటా ఎంట్రీ వాళ్లిద్దరిలో ఎవరైనా ఇది చదువుతుంటే, మీ కొత్త పై అధికారి ఇంకా గేటు బయటే నిలబడి ఉందని కాస్త గుర్తుపెట్టుకోండి.